ఏడో నంబరు బేరిచెట్టు

పొద్దున్న ఎనిమిదింటికల్లా నెద్కా తోటకు వచ్చేస్తుంది. టికెట్ల గదిలో గింకా అందించిన కాఫీని నిలబడే తాగేసి, పనిముట్ల కొట్టులోంచి సుత్తి తీసుకుని, బేరిచెట్టు రాత్రి ఎటు వెళ్ళిందో వెతకడానికి బయలుదేరుతుంది. అది ఆమె పని. జీతం లేని పని. వార్నా ఊరి అంచున, సముద్రం కనపడే గుట్ట మీద ఉన్న ఆ తోటలో అలాంటి పనివాళ్ళు పన్నెండుమంది ఉన్నారు. ఒకరు గులాబీలు కత్తిరిస్తారు, ఇంకొకరు గాజింట్లో నాచు గీకుతారు, మరొకరు బడిపిల్లలు వచ్చినప్పుడు వాళ్ళ వెనక తిరిగి పువ్వులు కోయకుండా చూస్తారు. నెద్కాకు బేరిచెట్టు పేరుపలక దక్కింది.

పెద్ద కష్టమేం కాదు. నవంబరులో ఆకులు రాలిపోయాక చెట్టు కదలడం మొదలుపెడుతుంది. రాత్రికి నాలుగడుగులు, ఒక్కోసారి పది. అది నడిచినంత మేరా నేల దున్నినట్టు గుల్లబారి ఉంటుంది కాబట్టి జాడ దొరకబుచ్చుకోవడం తేలికే. నెద్కా ఆ చాలు వెంట పోయి, నిన్నటి చోట పాతిన పలకను పీకి, చెట్టు పక్కన మళ్ళీ దిగ్గొడుతుంది. సందర్శకులకిచ్చే పటంలో అన్ని చెట్లకూ అంకెలున్నాయి. బేరిచెట్టుకు ఎదురుగా మాత్రం "టికెట్ల గదిలో అడగండి" అని ఉంటుంది.

ఏప్రిల్ మధ్యకల్లా అది తనకు నచ్చిన చోటు చూసుకుని ఆగుతుంది. ఆగిన నాలుగో రోజున పూస్తుంది. కాయలు పండి, ఆకులు రాలేదాకా ఇక అక్కడినుంచి కదలదు. ఒక యేడు కొలను గట్టున, ఒక యేడు గులాబీల మధ్య, ఒక యేడు ఆడవాళ్ళ మరుగుదొడ్డి గుమ్మానికి అడ్డంగా. పెద్ద తోటమాలి కుజ్మన్ ఆ యేడంతా లోపలికీ బయటికీ దారి చెప్పలేక నోరు నొప్పి పుట్టిందంటాడు. అంతకుమించి ఆ చెట్టు మీద ఎవరికీ ఫిర్యాదు లేదు.

ఇక్కడికి రాకముందు నెద్కా ముప్ఫైయొక్క ఏళ్ళు ట్రాలీబస్సు నడిపింది. ఏడో నంబరు. నేతమిల్లు దగ్గర బయలుదేరి, ఆసుపత్రి, రైల్వేస్టేషను, సంత, ఓడరేవు చుట్టి మళ్ళీ నేతమిల్లుకే వచ్చే దారి. పదకొండు స్టాపులు. ఆఖరి స్టాపులో ఎనిమిది నిమిషాలు ఆగాలి. ఆ ఎనిమిది నిమిషాల్లో కిందికి దిగి గుప్పెడు పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుని, బస్సు నెత్తిమీది కడ్డీలు కరెంటు తీగను సరిగ్గా పట్టుకున్నాయో లేదో చూసుకుని మళ్ళీ ఎక్కేది.

నిరుడు మార్చి చివర్లో పదవీ విరమణ చేయించి, ఒక పూలగుత్తీ గోడగడియారమూ చేతిలో పెట్టి ఇంటికి పంపారు. మర్నాటి నుంచీ ఏం చెయ్యాలో పాలుపోలేదు. వంటింట్లోంచి గదిలోకి, గదిలోంచి బాల్కనీలోకి కాలు కాలిన పిల్లిలా తిరిగేది. కిటికీ దగ్గర వాళ్ళమ్మ కుర్చీ ఉంది. ఆవిడ తొమ్మిదేళ్ళు ఆ కుర్చీలో కూర్చుని, వీధిలో వచ్చేపోయేవాళ్ళ లెక్క అప్పజెబుతూ, చివరికి అందులోనే కన్నుమూసింది. నెద్కా అటు చూడకుండా నడిచేది. మూడో వారంలో ఒకరోజు అలిసిపోయి, ఆలోచన లేకుండా అందులో కూలబడింది. రెండు నిమిషాలు తిరక్కుండానే ఎదురింటావిడ ఏ రొట్టె కొనుక్కొచ్చిందో గమనించేసింది. అచ్చం అమ్మలాగే. చెప్పులేసుకుని బయటపడి, కాళ్ళు ఎటు తీసుకెళ్తే అటు నడిచి, ఈ తోటలో తేలింది.

అప్పుడు బేరిచెట్టు గేటు పక్కన ఆగి విరగబూసి ఉంది. మార్చి ఒకటిన చేతికి కట్టుకున్న ఎరుపు తెలుపు దారాలు, మార్తెనిత్సాలు, ఇంకా విప్పనివాళ్ళు కొందరు వచ్చి దాని కొమ్మలకు కట్టి, ఏదో కోరుకుని వెళ్తున్నారు. నెద్కా కూడా తన దారం విప్పింది. కోటు జేబులో ఊడిన గుండీ ఒకటి తగిలింది, డ్రైవరు కోటు నీలం గుండీ. దాన్ని దారానికి ఎక్కించి ఒక కొమ్మకు మూడు ముళ్ళు వేసి, కళ్ళు మూసుకుంది.

"నన్ను ఒక్కచోట కూర్చోబెట్టకు తల్లీ," అని కోరుకుంది.

కోరిక తీరిందనే అనుకుంది. మర్నాడే ఇక్కడ పనికి కుదిరింది. అప్పటినుంచి నిలబడే తింటోంది, నడుస్తూనే మాట్లాడుతోంది, రాత్రిళ్ళు కోడికునుకే. కోరుకున్నదే కదా అని సరిపెట్టుకుంది గానీ, ఒక్కోసారి బెంచీల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నవాళ్ళను చూస్తే అడుగు నెమ్మదించేది.

ఈ యేడు మార్చి ఒకటిన మెతోదీ వచ్చాడు. మెతోదీ లిపోవెత్స్ అనే కొండపల్లెలో తేనెటీగలు పెంచుతాడు. ఇరవయ్యేళ్ళుగా ప్రతి శనివారం తేనె డబ్బాలతో ఏడో నంబరెక్కి సంత దగ్గర దిగేవాడు. బస్సంతా ఖాళీగా ఉన్నా డ్రైవరు వెనకే నిలబడేవాడు. భార్య పోయి ఆరేళ్ళయింది. తనే పేనిన ఎరుపు తెలుపు దారం తెచ్చి నెద్కా ఎడమ మణికట్టుకు కట్టాడు.

"దీన్ని విప్పేలోగా నాకో మాట చెప్పాలి నువ్వు," అన్నాడు ముడి మీంచి చూపు ఎత్తకుండా. "లిపోవెత్స్ వచ్చెయ్. ఇల్లు పెద్దది. పొయ్యి పొగ రాదు. నలభై పెట్టెల తేనెటీగలున్నాయి. నేనున్నాను."

"వరస బాగుంది. ముందు ఈగలు, తర్వాత నువ్వు."

"అవి నాకంటే మంచివి. చూసి చెప్తున్నా."

నెద్కాకు నవ్వొచ్చింది. అతనంటే ఇష్టమే. అతని చేతుల మైనం వాసన కూడా ఇష్టమే. కానీ "వచ్చెయ్" అనగానే లిపోవెత్స్‌లో పొగ రాని పొయ్యి పక్కన ఒక కిటికీ, కిటికీ దగ్గర ఒక కుర్చీ కళ్ళకు కట్టాయి. ఆ సంగతి అతనికి చెప్పడానికి సిగ్గేసింది. అరవై దాటిన మనిషి కుర్చీకి భయపడుతోందంటే ఎవరికైనా నవ్వులాటగా ఉండదూ?

"బేరిచెట్టు పూసిన రోజున ఈ దారం దానికి కడతాను. ఆ రోజు చెప్తాను," అంది.

"అది ఏప్రిల్లో గానీ పూయదు. ఊళ్ళో వాళ్ళంతా మొదట పూసిన చెట్టుకే కట్టేసి చేతులు దులుపుకుంటారు."

"ఇరవయ్యేళ్ళు నిన్ను టైముకు దింపాను. నువ్వు నెలన్నర ఆగలేవా?"

మెతోదీ టోపీ తలకెక్కించుకుని వెళ్ళిపోయాడు.

మార్చి నెల ఎప్పటిలాగే ముసలమ్మ కోపంలా గడిచింది. పొద్దున్న ఎండ, మధ్యాహ్నం మంచు, సాయంత్రం మళ్ళీ ఎండ. ఇక్కడివాళ్ళు దాన్ని మార్తా అవ్వ చిరాకంటారు. పసుపుపచ్చ చిట్టిపూలతో ముందు కొర్నెల్ చెట్లు, వాటి వెంట బాదం, ఆ తర్వాత మాగ్నోలియాలు పూశాయి. ఒక్కో చెట్టు పూసినప్పుడల్లా తోటలో పనిచేసేవాళ్ళ మణికట్లు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. నెద్కా చేతికి మాత్రం దారం అలాగే ఉంది. మట్టి పని చేసి చేసి అందులో ఏది ఎరుపో ఏది తెలుపో తెలియకుండా పోయింది.

"నెద్కక్కా, ఆ దారంతో గేదెను కట్టేయొచ్చు," అనేది గింకా. గింకాకు ముప్ఫయ్యేళ్ళు, టికెట్లు చింపుతూ వచ్చేపోయేవాళ్ళందరి సంగతులూ ఆరా తీస్తుంది. "ఆయన్ని చూస్తే జాలేస్తోంది. శనివారం శనివారం వచ్చి బేరిచెట్టు మొగ్గ తొడిగిందా అని అడుగుతాడు. నిన్ను మాత్రం అడగడు."

"మొగ్గ తొడిగిందా?"

"నువ్వు రోజూ దాని వెనకే తిరుగుతున్నావు, నన్నడుగుతావేం?"

తొడగలేదు. ఏప్రిల్ మధ్యకు ఆగాల్సిన చెట్టు ఆగలేదు. ఇరవయ్యో తారీకు వచ్చింది, ఆగలేదు. తులిప్పులు విచ్చి, వారానికల్లా రేకులు రాల్చేశాయి. లిలాక్ పొదలు ఊదారంగు ఎక్కి వాసనతో తోటంతా ముంచెత్తాయి. కొంగలు సముద్రం మీదుగా వచ్చి ఉత్తరానికి వెళ్ళిపోయాయి. బేరిచెట్టు నాలుగాకులు వేసుకుని నడుస్తూనే ఉంది. మే నెల వచ్చేసరికి రాత్రి నడక చాలక పగలు కూడా నడవడం మొదలుపెట్టింది. చేతికర్ర పట్టుకున్న ముసలాడి నడక, వేళ్ళు ఒక్కోటీ పైకెత్తి ముందుకు వేస్తూ. బెంచీల మీద కూర్చున్నవాళ్ళు కాళ్ళు వెనక్కి లాక్కుని దారి ఇచ్చేవాళ్ళు. నెద్కా పొద్దున్నుంచీ సాయంత్రం దాకా పలకా సుత్తీ పట్టుకుని దాని పక్కనే నడిచేది, ఎక్కడా దిగ్గొట్టకుండా.

కుజ్మన్ తన శాయశక్తులా ప్రయత్నించాడు. ముందు నీళ్ళు పోశాడు. తర్వాత ఎరువు వేశాడు. ఆఖరికి ఓడతాడు తెచ్చి చెట్టును రాతిబెంచీకి కట్టాడు. సాయంత్రానికి చెట్టూ బెంచీ కలిసి గాజింటి దాకా వెళ్ళాయి.

"ఆకులు చూడు," అన్నాడు నెద్కాతో. అంచులన్నీ పసుపు తిరిగాయి. కుజ్మన్ ఒక వేరు కొన పట్టుకుని విరిచాడు. లోపల తడి లేదు. "నడిచే చెట్టు తాగదు, తినదు. వేసవి ముదిరేలోగా ఎక్కడో ఒకచోట వేళ్ళు దించకపోతే ఎండిపోతుంది. నలభయ్యేళ్ళ నుంచి చూస్తున్నాను, ఇలా ఎన్నడూ చెయ్యలేదు. దీన్నేదో పట్టుకుంది."

నెద్కాకు ఆ రాత్రి కోడికునుకు కూడా పట్టలేదు.

జూన్ మొదటి శనివారం మెతోదీ వచ్చాడు. ఈసారి చెట్టును గురించి అడగలేదు. తిన్నగా నెద్కా దగ్గరికి వచ్చి, చెట్టుతో సమానంగా, ఆమెతో సమానంగా కొంతదూరం నడిచాడు. అతనికి ఎడమ మోకాలు నొప్పి. అయినా నడిచాడు.

"పది పన్నెండు రోజుల్లో లిండెన్ చెట్లు పూస్తాయి," అన్నాడు. "ఈగలకు ఆ పూలు కావాలి. పెట్టెలు బండికెక్కించుకుని అడవిలోకి పోవాలి. నెల్లాళ్ళు రాను. అప్పటిలోగా చెప్పు."

"చెట్టు పూయలేదుగా."

"పూయకపోతే?"

నెద్కా పలకను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"నేను రెండోసారి అడగను నెద్కా. కోపమొచ్చి కాదు. నాకూ సిగ్గుంటుంది." చెట్టు గాజిల్లు దాటి మలుపు తిరుగుతోంది. మెతోదీ ఆగిపోయాడు. "ఒక్కమాట. నువ్వీ చెట్టు కోసం ఆగావా, ఇదే నీ కోసం తిరుగుతోందా?"

ఎగతాళికే అన్నాడు. అని, మోకాలు రుద్దుకుంటూ గేటు వైపు వెళ్ళిపోయాడు. కానీ ఆ మాట నెద్కా చెవిలో ఈగలా దూరి అక్కడే ఉండిపోయింది.

సోమవారం పొద్దున్న కుజ్మన్ టికెట్ల గదిలో పటం పరిచి, ఎర్ర పెన్సిలుతో చెట్టు తొక్కిన దారి గీస్తున్నాడు. చెడిపోయిన పూలమళ్ళ లెక్క పైకి రాసి పంపాలిట.

"రోజూ ఒకటే దారి. ఒక్క జానెడు అటూ ఇటూ పోదు. పొద్దున్న కొట్టు వెనక బయలుదేరుతుంది, సాయంత్రానికి మళ్ళీ కొట్టు దగ్గరికే. మధ్యలో అక్కడక్కడా ఆగుతుంది." ఆగినచోటల్లా చుక్కలు పెట్టాడు. "ఎందుకాగుతుందో దానికే తెలియాలి. ఇక్కడ కొలను దగ్గర, ఇక్కడ, ఇదిగో ఇక్కడ మలుపులో..."

నెద్కా నిలబడి కాఫీ తాగుతూ చూసింది. చుక్కలు లెక్కపెట్టింది. పదకొండు. కప్పు కింద పెట్టేసింది. కొట్టు నుంచి తిన్నగా కొంతదూరం, అది ఆసుపత్రి రోడ్డు. ఆ తర్వాత ఎడమకు, స్టేషను. స్టేషను తర్వాత రెండు చుక్కలు దగ్గరదగ్గరగా ఉన్నాయి, సంతకు ముందో స్టాపు, సంత దాటాక ఇంకోటి. అక్కడ చిన్న వంపు. ఆ వంపులో నిదానంగా పోకపోతే కడ్డీలు తీగ మీంచి జారిపోతాయి. ముప్ఫైయొక్క ఏళ్ళలో అక్కడ ఆమె ఎన్నిసార్లు చేతితొడుగులు వేసుకుని దిగి కడ్డీలు ఎక్కించిందో.

"ఈ వంపులో నెమ్మదిగా నడుస్తుందా?" అని అడిగింది.

"అవును. ఏదో తగులుతుందన్నట్టు. నీకెలా తెలుసు?"

"ఇది ఏడో నంబరు," అంది నెద్కా.

కుజ్మన్ పటం వైపు చూశాడు. అతనూ ఈ ఊరివాడే. ఏడో నంబరెక్కే నేతమిల్లు దగ్గరున్న బడికి పోయి చదువుకున్నాడు, పెద్దయ్యాకా అందులోనే ఊరు తిరిగాడు. వేలితో ఎర్రగీత వెంట ఒక చుట్టు తిరిగి, "ఓడరేవు దగ్గర నువ్వు ఎక్కువసేపు ఆపేదానివి," అన్నాడు.

"తాగుబోతులు ఎక్కాలిగా."

గింకా టికెట్లు చింపడం మానేసి వింటోంది. నెద్కా నిరుడు ఏం కోరుకుందో, దారానికి ఏం కట్టిందో దాచకుండా చెప్పేసింది. చెబుతుంటే ఏడుపొచ్చింది. తన కాళ్ళ దురద తనకే ఉందనుకుంది. తన గొడవ తెచ్చి ఏ పాపమూ ఎరగని చెట్టు నెత్తిన పెట్టిందని, అది ఇన్నాళ్ళూ తన బస్సు నడుపుతోందని ఇప్పటిదాకా తెలియలేదు.

"విప్పేస్తాను," అంది.

గింకా పక్కకు తిరిగి మూడుసార్లు ఉమ్మింది. "అక్కా, కట్టిన మార్తెనిత్సా ఎవరైనా విప్పుతారా? గాలి తీసుకెళ్ళాలి, లేకపోతే పిట్ట తీసుకెళ్ళాలి. మనిషి విప్పితే ఏమవుతుందో ఏమో."

"ఏమవుతుంది?"

"ఎవరూ విప్పలేదు కాబట్టి ఎవరికీ తెలియదు."

నెద్కాకు తెలుసు. కోరుకున్నది వెనక్కి తీసుకుంటే మిగిలేది కుర్చీ. అమ్మ కుర్చీ, అమ్మ తొమ్మిదేళ్ళు. కానీ ఆ పసుపు తిరిగిన ఆకులు కళ్ళముందు నుంచి పోలేదు.

"కొమ్మలన్నీ దారాలే," అన్నాడు కుజ్మన్. "వందలున్నాయి. నడిచే చెట్టుకు నిచ్చెన వేస్తే నిలవదు. నీ దారం ఎప్పుడు వెతుకుతావు, ఎప్పుడు విప్పుతావు?"

"ఆఖరి స్టాపులో," అంది నెద్కా. "ఎనిమిది నిమిషాలు ఆగుతుంది."

ఆ సాయంత్రం ఐదున్నరకు ముగ్గురూ పనిముట్ల కొట్టు ముందు నిలబడ్డారు. కుజ్మన్ చేతిలో నిచ్చెన, గింకా చేతిలో గడియారం, నెద్కా చేతిలో పళ్ళు కోసే కొంకికర్ర. చెట్టు గాజింటి మలుపు తిరిగి వచ్చింది. కొట్టు ముందుకు రాగానే వేళ్ళు దగ్గరకు చేర్చుకుని ఆగింది. ఆగినప్పుడు చిన్నగా వెనక్కి ఊగింది, బ్రేకు వేసినప్పటిలా.

"మొదలు," అంది గింకా.

నెద్కా చెట్టు చుట్టూ తిరిగింది. ఎండకూ వానకూ దారాలన్నీ వెలిసిపోయి ఒకే బూడిదరంగు తేలాయి. ఎవరి కోరిక ఏదో ఆనవాలు లేదు. కొంకితో ఒక్కో కొమ్మనూ వంచి చూసింది. పెళ్ళిళ్ళు, పరీక్షలు, బిడ్డలు, రోగాలు, ఎవరెవరివో. ఏదీ లాగకుండా, ఏదీ తెంపకుండా జాగ్రత్తగా వెతికింది.

"రెండయ్యాయి."

పడమటి వైపు కొమ్మల్లో లేదు. నిరుడు గేటు పక్కన తాను ఎటు నిలబడి కట్టింది? గేటు వీపు వెనక ఉంది, సముద్రం కుడిచేతి వైపు ఉంది. అప్పటినుంచి చెట్టు ఎన్ని చుట్లు తిరిగిందో, దాని ముఖం ఇప్పుడు ఎటుందో.

"నాలుగు. అక్కా, నాలుగు."

"ముందు తలుపు వైపు చూడు," అన్నాడు కుజ్మన్ ఉన్నట్టుండి. అతనికి తన మాట తనకే వింతగా తోచి తల గోక్కున్నాడు. నెద్కా చెట్టు వచ్చిన దారి చూసింది, అది ఇక పోబోయే దారి చూసింది. ఈ ఊరి బస్సయితే డ్రైవరు ఎక్కడ కూర్చుంటాడో ఆ వైపుకు, ముందు ఎడమ మూలకు వెళ్ళి కొంకి వేసింది. కొమ్మ వంగింది. ఆకుల చాటున నీలంగా గుండీ మెరిసింది.

"ఐదున్నర నిమిషాలు."

నిచ్చెన ఎక్కింది. మూడు ముళ్ళూ వాన తాగి ఎండ తాగి రాయిలా బిగుసుకున్నాయి. గోళ్ళతో రాలేదు. జుట్టు పిన్ను తీసి గుచ్చింది. ఒక ముడి వదిలింది. రెండోది వదిలింది. కింద గింకా అంకెలు చెప్పడం మానేసి గడియారం వైపే చూస్తోంది. చెట్టు కాండంలో ఎక్కడో గుర్రుమంటున్నట్టు, మోటారు వేసినట్టు అదురు మొదలైంది. నెద్కాకు ఆ అదురు పాదాల్లోంచి తెలుసు. ఇంకో అరనిమిషం. మూడో ముడి పళ్ళతో పట్టుకుని లాగింది.

దారం ఆమె నోట్లోకి వచ్చింది. అదురు ఆగిపోయింది. చెట్టు మొదలు దగ్గర మట్టి కదిలి, సర్దుకుని, ఏదో బరువు దించినట్టు చప్పుడైంది. నిచ్చెన పట్టుకున్న కుజ్మన్ కిందికి చూసి, "దిగుతున్నాయి," అన్నాడు మెల్లగా. వేళ్ళు ఒకదాని వెనక ఒకటి నేలలోకి దిగుతున్నాయి. సరిగ్గా కొట్టు తలుపుకు అడ్డంగా.

"నా చేతిబళ్ళన్నీ లోపలున్నాయి," అన్నాడు కుజ్మన్.

నెద్కా నిచ్చెన దిగింది. ఏడాదిగా ఎన్నడూ లేనంత బరువు కాళ్ళలోకి వచ్చింది. అక్కడే బోర్లించి ఉన్న పళ్ళపెట్టె మీద కూర్చుంది. కూర్చున్నానని తెలిసి భయపడబోయింది గానీ, భయం వచ్చేలోపే నిద్ర వచ్చేసింది. గేటు మూసే వేళ దాకా ఎవరూ లేపలేదు. గింకా తన శాలువా తెచ్చి కప్పింది.

ఆ గుండీ దారాన్ని ఏం చెయ్యాలన్నది పెద్ద చర్చయింది. పారెయ్యకూడదు, మళ్ళీ కట్టకూడదు. చివరికి గింకా వాళ్ళమ్మ పాత పద్ధతి చెప్పింది. దారాన్ని రాయి కింద పెట్టి తొమ్మిదో రోజున రాయి ఎత్తి చూడాలి. చీమలుంటే కలిమి, వానపాముంటే ఆరోగ్యం, సాలీడుంటే జాగ్రత్తగా ఉండాలి. కొట్టు పక్కన చదునైన రాయి కింద పెట్టారు.

నాలుగో రోజున బేరిచెట్టు పూసింది. జూన్ ఎండలో, ఎవరూ పిలవని పేరంటానికి వచ్చినట్టు తెల్లగా. పసుపు తిరిగిన ఆకులు రాలిపోయి కొత్తవి వచ్చాయి. కుజ్మన్ చేతిబళ్ళను కిటికీలోంచి లాగుతూ తిట్టుకుంటూ, మధ్యమధ్యలో పూల వైపు చూసి నోరు మూసుకునేవాడు. నెద్కా చేతి దారం మాత్రం చేతికే ఉంది. పూసిన రోజు చెప్తానంది. పూసింది. మెతోదీకి కబురు పంపలేదు. ఇప్పుడామె కూర్చోగలుగుతోంది, తింటోంది, ఇంట్లో తెల్లారేదాకా నిద్రపోతోంది. అదే ఆమెను బెంబేలెత్తిస్తోంది. ఇలాగే కూర్చుంటూ కూర్చుంటూ ఒకరోజు లేవకుండా పోతే?

తొమ్మిదో రోజు మెతోదీ తనంతట తనే వచ్చాడు. పెట్టెలు బండికి ఎక్కించేశాడు, మర్నాడు అడవికి ప్రయాణం. పూసిన చెట్టును చూశాడు, నెద్కా మణికట్టును చూశాడు. ముఖం చిన్నబోయింది.

"సమయానికే వచ్చావు. రాయి ఎత్తుతున్నాం," అంది గింకా.

నెద్కా వంగి రాయి ఎత్తింది. దారం తడిగా ఉంది. చీమలు లేవు, వానపాము లేదు. నీలం గుండీ మీద ఒక నత్త కూర్చుని ఉంది. వెలుతురు తగలగానే కొమ్ములు చాపి, ఇల్లు వీపు మీద మోసుకుంటూ మెల్లగా గుండీ దిగింది.

"నత్తా?" అంది గింకా. "మా అమ్మ నత్త గురించి ఏమీ చెప్పలేదే."

నెద్కా చాలాసేపు నత్తనే చూసింది. అది జానెడు దూరం పోయి, ఆగి, లోపలికి ముడుచుకుంది. నెద్కా తలెత్తి బేరిచెట్టును చూసింది. ఇన్నేళ్ళుగా అది చేస్తున్న పని అదే కదా. సగం ఏడాది నడవడం, సగం ఏడాది నిలబడి పూసి కాయడం. ఏది చేసినా రెండోది మానుకున్నట్టు కాదు. తానే పిచ్చిది, ఒక్కటే కోరుకుంది.

"మెతోదీ," అంది లేచి. "నేను కుర్చీకి భయపడుతున్నాను."

"ఏ కుర్చీకి?"

ఆమె చెప్పింది. అమ్మ సంగతి, కిటికీ సంగతి, ఎదురింటావిడ రొట్టె సంగతి. అతను నవ్వలేదు.

"వస్తాను," అంది నెద్కా. "ఈ చెట్టు నిలబడినన్నాళ్ళు నీ ఇంట్లో నిలబడతాను. నవంబరులో ఇది కదిలితే నేనూ కదులుతాను. చలికాలమంతా ఇక్కడ పలక మోస్తాను. వసంతానికి మళ్ళీ వస్తాను. ఇష్టమైతే చెప్పు. లేకపోతే నీ దారం నీకు విప్పిచ్చేస్తాను."

మెతోదీ టోపీ తీసి చేతిలో తిప్పాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. కుజ్మన్ కిటికీలో సగం బండితో ఆగిపోయాడు.

"చలికాలం ఈగలు బయటికి రావు," అన్నాడు మెతోదీ చివరికి. "నాకూ పనుండదు. ఆ సుత్తి బరువెంతుంటుంది?"

"నీ తేనె డబ్బా కంటే తక్కువే."

నెద్కా అప్పుడు చేతి దారం విప్పబోయింది. మూడు నెలల మట్టి, ముడి రాలేదు. మెతోదీయే విప్పాడు, తను వేసిన ముడే కాబట్టి. ఇద్దరూ కలిసి పూలకొమ్మకు కట్టారు, ఒక్కటే ముడి, అదీ వదులుగా. ఏం కోరుకున్నారని గింకా ఎంత అడిగినా చెప్పలేదు.

ఆ యేడు బేరికాయలు అక్టోబరు చివర్లో పండాయి, చిన్నవి, గట్టివి. నవంబరు పదిహేడున ఆకులన్నీ రాలాయి. మర్నాడు పొద్దున్న కుజ్మన్ వచ్చి చూస్తే కొట్టు తలుపు ఎదురుగా ఖాళీ. కొత్త చాలు ఆరడుగులు సముద్రం వైపు పోయి ఆగింది. దాని పక్కన బురదలో రెండు జతల బూట్ల గుర్తులున్నాయి, ఒక జతలో ఎడమకాలు కొంచెం ఈడ్చినట్టుంది. చెట్టు పక్కన పేరుపలక వంకరగా దిగి ఉంది. కుజ్మన్ దాన్ని సరిచెయ్యడానికి వంగి, ఒక్క క్షణం చూసి, అలాగే వదిలేసి కొట్టు తలుపు తీశాడు.